బీరువాకి తాళం ఉంది: ఒక కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ కేస్ స్టడీ

ఈ కేసు హెచ్‌ఐవీతో బతుకుతున్న, కుట్టుపని చేసుకునే ఒకామెది. రాస్తానంటే ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నెల తర్వాత తనే ఫోన్ చేసి, "రాయండి మేడమ్. మా ఊరు మాత్రం తెలియకూడదు, మా బాబు సంగతి వద్దు" అంది. అందుకే జిల్లా పేరు రాయడం లేదు. వయసు, నెలలు, కొన్ని వరసలు మార్చాను. కుట్టుపని మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఆమెకి జరిగిన నష్టం ఏమిటో అర్థం కాదు. కోస్తాలో కుట్టుమిషన్ లేని వీధి ఉండదు కాబట్టి దాన్ని పట్టుకుని ఆమెని పోల్చుకోవడం కుదరదు.

మా పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మందులిచ్చేది ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ సెంటర్. మాది కేర్ అండ్ సపోర్ట్ సెంటర్, విహాన్ కార్యక్రమం కింద 2013 నుంచి దేశమంతా వచ్చిన సెంటర్లలాంటిదే. కౌన్సెలింగ్, పెన్షన్ కాగితాలు, పిల్లల చదువులు చూస్తాం. అన్నిటికంటే పెద్ద పని, మందులకి రావడం మానేసినవాళ్ళని వెతికి మళ్ళీ తీసుకురావడం. ఏఆర్‌టీ సెంటర్ నుంచి డ్యూ లిస్ట్ (మందులకి రావాల్సినవాళ్ళు), మిస్ లిస్ట్ (తేదీ దాటినా రానివాళ్ళు) వస్తాయి. మూడు నెలలు దాటినా రాకపోతే ఆ మనిషి ఎల్‌ఎఫ్‌యూ (లాస్ట్ టు ఫాలోఅప్, అంటే జాడ తప్పినవాళ్ళ) లిస్టులోకి వెళ్తారు. ఫీల్డ్‌లో తిరిగే ఔట్‌రీచ్ వర్కర్లు (ఓఆర్‌డబ్ల్యూలు) ఆ లిస్టులు పట్టుకుని ఊళ్ళు తిరుగుతారు. నెలాఖరుకి ఎంతమందిని ట్రేస్ చేశారన్నది రివ్యూ మీటింగ్‌లో మొదటి ప్రశ్న.

ఆమె భర్త లారీ డ్రైవరు. ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉండగానే ఆమెకి పరీక్ష చేశారు. అదే వారంలో రిజిస్ట్రేషన్, అదే వారంలో ఆయన పోయాడు. తర్వాత కొడుకుని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. అక్కడ తల్లి, అన్న, వదిన, ఇంటర్ చదివే మేనల్లుడు. తల్లికి ఒక్కదానికే విషయం తెలుసు. మిగతావాళ్ళకి "కామెర్లతో పోయాడు" అని చెప్పారు. జాకెట్లు కుట్టి బతుకుతోంది, చేతిపని మంచిది, వీధిలో ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే. నాలుగేళ్లు ఒక్క నెల తప్పకుండా మందులు తీసుకుంది. గ్రీన్ బుక్, అంటే ఆమె చికిత్స వివరాల పుస్తకం, ట్రంకు పెట్టె అడుగున ఉండేది. మాత్రల సీసా మీద లేబుల్ గీకేసేది. కొందరు మాత్రలన్నీ పాలిథిన్ కవరులోకి మార్చేస్తారు, అప్పుడు తేమ తగిలి పాడవుతాయి. లేబుల్ మాత్రం తీసి సీసాని అలాగే ఉంచమని మేమే చెబుతాం. సీసా కదిపితే చప్పుడు కాకుండా పైన కాస్త దూది పెట్టేది. అది మాత్రం మేం చెప్పింది కాదు, ఆమె తెలివి.

తల్లి పోయింది. ఆ సంగతి మా ఫైల్లో లేదు.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్, మిషన్ మీద నుంచి లేచే తీరిక లేదు. మునుపు ఆసుపత్రికి వెళ్ళే రోజు తల్లి ఏదో ఒకటి చెప్పి సర్దేది. ఇప్పుడు వదిన అడగడం మొదలుపెట్టింది, "నెలనెలా ఎక్కడికమ్మా?" అని. దారాలకి, లైనింగ్‌కి అని చెప్పి ఒకసారి వెళ్ళింది. రెండోసారి వదిన "నేనూ వస్తా" అంది. ఇక వెళ్ళలేదు. ఆ నెల, ఆ పై నెల కూడా తప్పింది. పేరు మిస్ లిస్టులోకి వచ్చింది.

మెమో

ఒక శనివారం మా ఓఆర్‌డబ్ల్యూ నా దగ్గరికి వచ్చి, "ఆ ఊళ్ళో గొడవైంది మేడమ్" అన్నాడు. ముందురోజు, శుక్రవారం, వెళ్ళాడు. ఇల్లు దొరక్క పాలకేంద్రం దగ్గర అడిగాడు. ఎవరో "ఎందుకు బాబూ?" అంటే "ఆసుపత్రి నుంచి వచ్చాను" అన్నాడు. జబ్బు పేరు ఎత్తలేదు. ఇంటి ముందుకెళ్తే వదిన గుమ్మంలోనే ఆపి, వీధి వినేలా అరిచింది. ఆమె బయటికి రాలేదు. వారంలో జాకెట్లు ఇచ్చినవాళ్ళు బట్టలు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. సగం కుట్టినవి కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆసుపత్రి" అని పాలకేంద్రం దగ్గర చెప్పడమేమిటి? బ్యాగు మీద ఎర్ర రిబ్బన్ గుర్తు వేసుకుని ఊళ్ళోకి వెళ్ళడమేమిటి? సోమవారం మెమో ఇచ్చాను. ఆ బ్యాగు అతను కొనుక్కున్నది కాదు. ఒక ట్రైనింగ్‌లో అందరికీ పంచిపెట్టింది. అదే బ్యాగు నా దగ్గరా ఉంది, కూరగాయలకి వాడుతున్నాను. మెమో రాస్తున్నప్పుడు ఇది తట్టలేదు.

ఇంకో సంగతి. మా ఓఆర్‌డబ్ల్యూల్లో చాలామంది హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళే, అతను కూడా. మెమో చదివి అతను అడిగింది ఒక్కటే: "దీని మీద ఎంక్వైరీ అంటే నా పేరు పైకి వెళ్తుందా మేడమ్? మా వీధిలో నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో చేస్తాననే అనుకుంటారు." సెంటర్లో పనిచేసేవాళ్ళ సమాచారం కూడా మనం కాపాడాల్సిన సమాచారమేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అతని ఆరోగ్యం సంగతి సిబ్బంది ఫైల్లో, జీతం కాగితాల పక్కనే ఉంది. ఆ ఫైలు అకౌంటెంట్ చేతిలో కూడా పడుతుంది.

శుక్రవారం కాదు

ఆమెని కలవడానికి పది రోజులు పట్టింది. ఇంటికి వెళ్ళే ప్రసక్తి లేదు. మా సెంటర్‌కి రమ్మనడం కూడా తప్పే. ఆమెకి తెలిసిన ఇంకో పేషెంటు ద్వారా, ఆ పేషెంటుకి కూడా కారణం చెప్పకుండా, "మేడమ్ ఒకసారి మాట్లాడాలట, ఎక్కడో మీరే చెప్పండి" అని కబురు పెట్టాను. టౌన్‌లో తను లైనింగ్ గుడ్డ కొనే షాపు పేరు చెప్పింది. ఇద్దరం ఫాల్స్ ఏరుకుంటున్నట్టు ఒక మూల నిలబడి మాట్లాడుకున్నాం.

నేను ఓఆర్‌డబ్ల్యూ తరఫున క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది. "ఆ తమ్ముడిదేం లేదు. శుక్రవారం కాదు మేడమ్, సోమవారమే అయిపోయింది."

ఆ శుక్రవారానికి ముందు సోమవారం మా ఆఫీసు ఫోన్ నుంచి కాల్ వెళ్ళింది. ఫైల్లో ఆమె నంబరు పక్కన రెండో నంబరు ఉంది, తల్లిది. ఆమె ఫోన్ స్విచాఫ్ వస్తే రెండో నంబరుకి చేయడం మా పద్ధతి. తల్లి పోయాక ఆ సిమ్ బ్యాంకు ఖాతాకి లింకై ఉందని తీసెయ్యకుండా మేనల్లుడి ఫోన్లో వేశారు. ఆ కుర్రాడి ఫోన్లో, ఎవరు కాల్ చేస్తున్నారో పేరు చూపించే యాప్ ఉంది. ఆ యాప్‌లు జనం తమ ఫోన్లలో ఏ పేరుతో సేవ్ చేసుకుంటే ఆ పేరు చూపిస్తాయి. మా నంబరుని ఎవరెవరో ఏళ్ల తరబడి సేవ్ చేసుకున్న పేరు తెర మీద వచ్చింది: "ఎయిడ్స్ ఆఫీస్ మేడమ్".

మా కౌన్సెలర్ పద్ధతిగానే మాట్లాడింది. అవతల మగగొంతు వినపడగానే "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. ట్రైనింగ్‌లో చెప్పింది అదే. కానీ పేరు అప్పటికే తెర మీద ఉంది. కుర్రాడు అమ్మకి చూపించాడు. మంగళవారం వదిన ట్రంకు పెట్టె తెరిచింది.

రెండో సంగతి ఆమె వెళ్తూ వెళ్తూ చెప్పింది. పక్క ఊరి మనిషి ఒకామె, ఏఆర్‌టీ సెంటర్‌కి వచ్చే ఆవిడే, ఎదురుపడి "లిస్టులో నీ పేరు చూశాను, మందులు మానేశావా?" అని అడిగిందట. ప్రేమగానే అడిగింది. కానీ లిస్టు ఆవిడ ఎక్కడ చూసింది?

ఆ రాత్రి నా ఫోన్ వెతికాను. రివ్యూ మీటింగ్ ముందురోజు మిస్ లిస్ట్ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏఆర్‌టీ నంబరు, అన్నీ. కింద "అర్జెంట్, రేపటికల్లా" అని రాసి ఉంది. గ్రూపులో ఓఆర్‌డబ్ల్యూలతో పాటు వాలంటీర్లుగా సాయం చేసే పేషెంట్లూ ఉన్నారు. ఆ ఫొటో పంపింది నేనే.

పేషెంట్ల ఫైళ్ళు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం నా బ్యాగులో ఉంటుంది. ప్రతి ఇన్‌స్పెక్షన్‌లో ఆ తాళం చూపించి మార్కులు తెచ్చుకున్నాం. పేషెంట్ల వివరాలుండే సోచ్ సాఫ్ట్‌వేర్‌కి పాస్‌వర్డ్ ఉంది. ఆమె సమాచారం ఆ రెండు చోట్ల నుంచీ పోలేదు. ఆమెని వెతకడం కోసం మేం చేసిన మూడు పనుల్లోంచి పోయింది: ఫోన్, ఫొటో, బైకు మీద మనిషి. అసలు ఆమె మందులు మానేసిందే ఎవరికీ తెలియకూడదని. ఎందుకు మానేసిందో కనుక్కోవాలని వెళ్ళి మేమే తెలియజేశాం.

మెమో వెనక్కి తీసుకున్నాను. అతనితో ఆ మాట అందరి ముందు చెబుదామా, విడిగా చెబుదామా అని కాసేపు ఆలోచించి, అతన్నే అడిగాను. "విడిగా చాలు మేడమ్" అన్నాడు.

ఆమె అడిగిన ప్రశ్న

ఫొటో సంగతి ఆమెకి చెప్పాలా వద్దా అన్నదాని మీద మా ఆఫీసులో రెండు రోజులు చర్చ జరిగింది. చెప్పొద్దన్నవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు: ఇప్పటికే నలిగిపోయి ఉంది, ఇంకో టెన్షన్ ఎందుకు, మందుల మీద నమ్మకం పోతే ప్రాణానికే ముప్పు. నేను చెప్పాలనే పట్టుబట్టాను. నా తప్పు కాబట్టి నా మాటకి బరువు తక్కువగానే ఉండింది. చివరికి చెప్పాను, అదే షాపులో.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "ఇప్పుడు నా పేరు ఎంతమంది ఫోన్లలో ఉంది?"

గ్రూపులో ఎంతమంది ఉన్నారో తెలుసు. ఎంతమంది తెరిచి చూశారో కూడా తెలుసుకోవచ్చు. కానీ ఎంతమంది ఫోన్లలో గ్యాలరీలోకి దానంతటదే సేవ్ అయిందో, అక్కడినుంచి బ్యాకప్‌లోకి వెళ్ళిందో, ఆ ఫోన్లు వాళ్ళ ఇంట్లో ఎవరెవరు వాడతారో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఆమెకి చట్టంలో ఉన్న హక్కులు కూడా అప్పుడే చెప్పాను. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. 8వ సెక్షన్ ప్రకారం, నమ్మకం మీద చెప్పిన హెచ్‌ఐవీ సంగతిని ఆ మనిషి అన్నీ తెలుసుకుని ఇచ్చిన సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. ఆ సమ్మతిని రాతలో నమోదు చేయాలి. వైద్యం చేసే ఒకరు, అదే వైద్యంలో ఉన్న ఇంకొకరికి, అవసరమైన మేరకు చెప్పొచ్చు. ఏఆర్‌టీ సెంటర్ నుంచి మాకు లిస్టు రావడం ఆ దారిలోనే అని మేం చూస్తాం. వాట్సాప్ గ్రూపులోని వాలంటీరు మాత్రం ఆ దారిలో లేరు. 11వ సెక్షన్ రికార్డులు పెట్టే ప్రతి సంస్థా సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలంటుంది. ఎవరు చూడొచ్చు, ఎలా చూడొచ్చు, పొరపాటు జరిగితే ఎవరు జవాబుదారీ అన్నవన్నీ అందులోకే వస్తాయి. మా దగ్గర మొదటిదానికి కాగితం ఉంది, చివరిదానికి లేదు.

ఫిర్యాదు చేయొచ్చని, రాష్ట్ర స్థాయిలో అంబుడ్స్‌మన్ అనే వ్యవస్థని ఆ చట్టమే పెట్టిందని, కోర్టుదాకా వెళ్తే అసలు పేరు బయటికి రాకుండా మారుపేరుతో కేసు నడపమని అడిగే వీలుందని చెప్పాను. నా మీదే ఫిర్యాదు ఎలా రాయాలో నేనే చెప్పడం వింతగా ఉంది. ఆమె నవ్వింది. "మళ్ళీ ఇంకో ఆఫీసులో నా పేరు రాయమంటారా?"

ఆమె ఫిర్యాదు చేయలేదు. మా రికార్డులో మాత్రం నేను రాశాను, నా పేరుతో సహా.

అన్న వచ్చాడు

ఆ మధ్యలోనే ఒకరోజు ఆమె అన్న సెంటర్‌కి వచ్చాడు. చేతిలో గ్రీన్ బుక్. బల్ల మీద పెట్టి, "ఇదేంటో చెప్పండి. మా చెల్లికి ఏముంది?" అన్నాడు. గదిలో అందరికీ తెలుసు అతనికి తెలుసునని. అయినా మా కౌన్సెలర్ చెప్పిన జవాబు: "ఫలానావాళ్ళు మా దగ్గర ఉన్నారని గానీ లేరని గానీ ఎవరికీ చెప్పమండీ. మీరు రేపు మీ గురించి ఏదైనా చెప్పుకున్నా ఇంకొకరికి ఇలాగే చెప్తాం." అతను గట్టిగానే అరిచాడు. అన్నని, ఒకే ఇంట్లో తింటున్నాం, నాకు హక్కు లేదా అని.

ఈ "హక్కు లేదా" అన్న ప్రశ్న దగ్గర మా ఫీల్డ్‌లో పాతవాళ్ళు కూడా తడబడతారు. 1998లో సుప్రీంకోర్టు, పెళ్ళి చేసుకోబోతున్న మనిషి హెచ్‌ఐవీ సంగతి అవతలివాళ్ళకి తెలియడాన్ని తప్పుపట్టలేదు. ఆ తీర్పు విన్న చాలామందికి "ప్రమాదం ఉంటే చెప్పొచ్చు" అన్న ఒక్క ముక్కే గుర్తుండిపోయింది. 2017 చట్టంలో 9వ సెక్షన్ ఆ దారిని బాగా ఇరుకు చేసింది. చెప్పడమంటూ ఉంటే భర్తకో భార్యకో, అలాంటి సంబంధం ఉన్నవాళ్ళకో మాత్రమే. అదీ డాక్టరు లేదా కౌన్సెలర్ మాత్రమే. వాళ్ళకి నిజంగా సోకే ప్రమాదం ఉందనిపించాలి, తనే చెప్పమని ఆ మనిషికి కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, తను చెప్పబోరని తేలాలి, మేం చెప్పబోతున్నామని ముందుగా తెలియజేయాలి. చెబితే కొడతారనో ఇంట్లోంచి గెంటేస్తారనో భయం ఉంటే, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో, చెప్పకూడదు. అన్నలు, వదినలు, అత్తమామలు ఈ సెక్షన్లో ఎక్కడా లేరు. ఒకే కంచంలో తిన్నా లేరు.

అతన్ని పంపించాక ఆమెకి కబురు చేశాం. తనే చెప్తానంది, పక్కన నేనుండాలంది. వాళ్ళింట్లో కాదు, టౌన్‌లో వాళ్ళ పిన్ని ఇంట్లో. ఆ రోజు నేను మాట్లాడింది తక్కువ. సూది గుచ్చుకుని రక్తం జాకెట్‌కి అంటితే, అని వదిన అడిగినప్పుడు మాత్రం జవాబు చెప్పాను: ఆరిన రక్తం నుంచి, బట్ట నుంచి హెచ్‌ఐవీ రాదు, మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనపడనంతగా తగ్గినవాళ్ళ నుంచి భార్యాభర్తల సంబంధంలో కూడా సోకదు. వదిన నమ్మిందో లేదో తెలియదు. అన్న నమ్మాడు. కనీసం, కంచం వేరు పెట్టొద్దని అన్నాడు.

ఊళ్ళో మీటింగ్

మా పైవాళ్ళ నుంచి ఒక సలహా వచ్చింది. ఆ ఊళ్ళో అవగాహన సదస్సు పెట్టి, వివక్ష తప్పని చెబుదాం, సర్పంచ్‌ని, ఏఎన్‌ఎంని పిలుద్దాం అని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ నెలలో, ఆ ఊళ్ళో, అరుగు మీద మైకు పెట్టి హెచ్‌ఐవీ గురించి మాట్లాడితే వినేవాళ్ళందరూ ఒకే ఇంటి వైపు చూస్తారు. అనుమానం మీద ఆఫీసు స్టాంపు వేసినట్టవుతుంది. ఆమెని అడిగితే, "మీరు మా ఊరు రాకపోవడమే నాకు మీరు చేసే సాయం" అంది. మీటింగ్ పెట్టలేదు. రివ్యూలో దానికీ అక్షింతలు పడ్డాయి.

ఆమె పెన్షన్ విషయంలో తీసుకున్న జాగ్రత్త నాకు అప్పుడు అర్థమైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళకి విడిగా ఒక పెన్షన్ కేటగిరీ ఉంది. దరఖాస్తు పెట్టుకోమని నాలుగేళ్లుగా చెబుతుంటే ఆమె వితంతు పెన్షన్ మీదే ఉండిపోయింది. ఇప్పుడు రెండిటికీ మొత్తం ఒకటే, 4,000. డబ్బు ఒకటే అయినప్పుడు కేటగిరీ గడిలో ఏ మాట ఉంటే మంచిదో ఆమెకి మాకంటే ముందే తెలుసు. మేం దాన్ని "సేవలు వినియోగించుకోవడం లేదు" అని రాసుకున్నాం.

మార్చినవి, వాటి ఖరీదు

మొదట పాత సమ్మతి పత్రం తీసి చూశాం. "మిమ్మల్ని సంప్రదించవచ్చా? అవును / కాదు." ఆమె "అవును" దగ్గర టిక్కు పెట్టింది. భర్త ఐసీయూలో ఉన్న వారంలో పెట్టిన టిక్కు అది. దాని బలంతో నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేశాం.

ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న బదులు కూర్చుని మాట్లాడతాం. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళ చేయాలి, వేరేవాళ్ళు ఎత్తితే మేం ఎవరిమని చెప్పాలి, ఇంట్లో ఎవరికి తెలుసు, ఇంటికి రావొచ్చా, రాకూడదంటే ఎక్కడ కలవాలి, అసలు మందులు తప్పితే వెతకమంటారా. ఆరు నెలలకోసారి మళ్ళీ అడుగుతాం, ఇంట్లో ఎవరైనా పోయారా, పెళ్ళయిందా, సిమ్ మారిందా అని. మేం ఎవరిమని చెప్పాలో చాలామంది తడుముకోకుండా చెబుతారు: డ్వాక్రా మేడమ్, గ్యాస్ ఏజెన్సీ, చీటీల ఆవిడ. కొత్తగా చేరిన కౌన్సెలర్ ఒకామె "ఇది అబద్ధం కదా మేడమ్" అంది. అబద్ధమే. ఆ అబద్ధం ఎవరి అవసరం కోసమో, ఎవరు ఎంచుకున్నారో చూడమన్నాను. అయినా ఆ ప్రశ్న నాకు పూర్తిగా వదల్లేదు.

ఫొటోలు బంద్. గ్రూపు ఉంది గానీ అందులో మీటింగ్ టైములు, బస్సు చార్జీల గొడవలు తప్ప ఇంకేం ఉండవు. ఓఆర్‌డబ్ల్యూకి అతని మండలం లిస్టు మాత్రమే ఇస్తాం, పేరు బదులు ఏఆర్‌టీ నంబరులో చివరి అంకెలు, ఊరు. పేరు ఆఫీసులో చూసుకుని మనసులో పెట్టుకుని వెళ్ళాలి. శనివారం కాగితం తిరిగిచ్చి చించేస్తాం. సిమ్ మార్చాం, కానీ జనం ఆ కొత్త నంబరుని కూడా మళ్ళీ అదే పేరుతో సేవ్ చేసుకుంటారు. అందుకని పేషెంట్లకి ఆ సంగతి విడమర్చి చెప్పి, వేరే పేరు పెట్టుకోమంటున్నాం. ఎర్ర రిబ్బన్ బ్యాగులన్నీ వెనక్కి తీసుకున్నాం. సిబ్బంది ఆరోగ్యం కాగితాలు జీతాల ఫైల్లోంచి తీసి వేరు చేశాం.

సొంత మండలం మనిషిని ఆ మండలానికి పంపాలా అన్నది మాత్రం తేలలేదు. దారులు తెలుసు, మాట కలుస్తుంది, ఎవరూ అనుమానించరు. కానీ "మనూరివాడికి తెలిస్తే మాకు చచ్చినట్టే" అనే పేషెంట్లు తక్కువేం కాదు. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకుంటున్నాం. దీనివల్ల ఒకే ఊరికి ఇద్దరు ఓఆర్‌డబ్ల్యూలు వెళ్ళాల్సిన రోజులు వస్తున్నాయి. పెట్రోలు ఖర్చు పెరిగింది. ట్రేసింగ్ నెమ్మదించింది. వెతకొద్దన్నవాళ్ళని వెతకడం లేదు, వాళ్ళలో కొందరు మందులు మానేసి ఉంటారన్న భయం ఉంది. రివ్యూలో మా సెంటర్ కింద వరసలోకి జారింది. ఆ అంకె కిందికి పోవడానికి కారణం ఏ గడిలో రాయాలో ఆ ఫారంలో చోటు లేదు.

ఆమె పక్క జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కి బదిలీ అడిగి వెళ్ళింది. మందులు మళ్ళీ మొదలుపెట్టింది. కొన్ని నెలలకి చేసిన పరీక్షలో వైరల్ లోడ్ కనపడనంత తక్కువ వచ్చిందని తనే చెప్పింది. ఊళ్ళో కుట్టుపని మునుపటంత రాలేదు. టౌన్‌లోని ఆ లైనింగ్ షాపువాళ్ళు ఇచ్చే కుట్టు ఆర్డర్లు చేస్తోంది.

మా రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా "ట్రాన్స్‌ఫర్ అవుట్" అని రాసి కేసు మూసేశారు. నేను విడిగా పెట్టిన పేజీలో గ్రూపు సభ్యుల జాబితా ఉంది, ఒక్కొక్కరి ఎదుట ఫోన్లో ఫొటో తీసేశామని పెట్టిన సంతకం. ఇద్దరు ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయారు, నంబర్లు కలవడం లేదు. వాళ్ళ ఎదురుగా గడులు ఖాళీగానే ఉన్నాయి.